ఆయమ్మ టీచరమ్మ కావాలంటే దారి ఏది?

ఇంటర్ పాసైన ఎస్సీ అమ్మాయిలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: బడిలో టీచరుకు సాయంగా ఉండే ఉద్యోగం కావాలంటే ఏ కోర్సు చదవాలి? డీఎడ్‌కు రెండేళ్లు పడుతుంది. తర్వాత టెట్ రాయాలి. ఆ తర్వాత డీఎస్సీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. అంతకాలం ఆగే స్థోమత ఇంట్లో ఉండదు. ఈలోగా కర్నూలులోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో గోడ మీద 'ప్రీ ప్రైమరీ టీచర్ ట్రైనింగ్, ఆరు నెలలు' అన్న పోస్టరు కనబడుతుంది. ఆ నంబరు రాసుకుని వచ్చి, చేరొచ్చా అని అడుగుతారు.

సూటిగా చెప్పాలంటే జవాబు ఇది. ఒక కాలేజీ కోర్సు అర్హతగా, ఒక పే స్కేలుతో 'టీచర్ సహాయకురాలు' అనే పోస్టు మన ప్రభుత్వ బడుల్లో లేదు. ఆ పని మాత్రం ప్రతి బడిలో, ప్రతి అంగన్‌వాడీలో రోజూ జరుగుతూనే ఉంది. చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మేము తిరిగిన ఊళ్లలో వాళ్లలో చాలామంది మాల, మాదిగ, వెనుకబడిన కులాల ఇళ్లవాళ్లే. ఆ పనిని నాలుగైదు పేర్లుగా చీల్చారు. చాలా పేర్లకు చదువూ శిక్షణా అక్కర్లేదని తేల్చారు. జీతం అనకుండా 'గౌరవ వేతనం' అన్నారు. ఆ చీలిక ఎలా జరిగింది, అందులోంచి పైకి రావడానికి కాలేజీ దారి ఎక్కడ తెగిపోయింది అన్నది వివరించడానికే ఈ వ్యాసం.

ముందు ఆ పేర్లు చూద్దాం. అంగన్‌వాడీ హెల్పర్‌ను మన వైపు ఆయమ్మ అంటాం. పొద్దున్నే గేరిలోకి పోయి పిల్లల్ని ఇంటింటికీ పిలిచేది, ఏడ్చే బిడ్డను చంకనేసుకుని వచ్చేది, వండేది, తినిపించేది, ముడ్డి కడిగేది, నిద్రపుచ్చేది ఆమే. టీచరమ్మ ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపుతున్నంతసేపూ పిల్లలు ఉండేది ఆయమ్మ దగ్గరే. ఆ కాసేపు పాట పాడించేది, రంగులు చూపించి పేర్లు చెప్పించేది, కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీసేది ఎవరని అడిగితే రికార్డులో జవాబు ఉండదు. 2023 డిసెంబరు నాటి సమ్మె సమయానికి రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచరుకు నెలకు 11,500, హెల్పరుకు 7,000 రూపాయలు ఇస్తున్నారు. 2022 పీఆర్సీ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు మూల వేతనం 32,670 దగ్గర మొదలవుతుంది. అంటే ఆయమ్మది అందులో ఐదో వంతుకు కాస్త పైన.

ప్రాథమిక, ఉన్నత పాఠశాలల్లో ఉండే ఆయా వేరు. ఆమెను మరుగుదొడ్ల నిర్వహణ నిధి కింద పెట్టారు, నెలకు 6,000 అన్నారు. కాగితం మీద ఆమె పని మరుగుదొడ్లు కడగడమే. కానీ ఒకటో తరగతి పిల్లాడు వాంతి చేసుకుంటే పిలిచేది ఆమెనే, ఏకోపాధ్యాయ బడిలో సారు మీటింగుకు పోతే పిల్లల్ని చూసుకునేదీ ఆమే. మధ్యాహ్న భోజనం వండేవాళ్లది మరో పద్దు. వాళ్లకు నెలకు 3,000. ఇక మండలానికొకటి చొప్పున ఉన్న భవిత కేంద్రాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గర, కాంట్రాక్టు రిసోర్సు టీచర్లతో పాటు ఆయాలు ఉంటారు. పక్షవాతం ఉన్న బిడ్డను కుర్చీలో ఎలా కూర్చోబెట్టాలి, మింగలేని బిడ్డకు ముద్ద ఎలా పెట్టాలి అన్నది నేర్చుకోకుండా వచ్చే పని కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ ఇలాంటి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనే చెబుతోంది. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని నిష్పత్తి కట్టింది. అది టీచర్ల లెక్క. బిడ్డను ఎత్తుకునే చేతుల లెక్క అందులో లేదు.

వీళ్లందరిలో కాలేజీ సర్టిఫికెట్ ఉండేది విద్యా వాలంటీరుకే. ఇప్పుడు అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్ అంటున్నారు. డీఎడ్, బీఎడ్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లను విద్యాసంవత్సరం మధ్యలో తీసుకుని, వేసవి సెలవులకు ఇంటికి పంపించే ఏర్పాటు ఇది. మిగిలినవాళ్లు శిక్షణ లేక సహాయకులుగా మిగిలిపోతుంటే, వీళ్లకు శిక్షణ ఉన్నా సహాయకుల బతుకే.

కాలేజీలో మొదటి మెట్టు, అక్కడే గోడ

ఇంత చెప్పాక, చిన్నపిల్లల బడిపనికి కాలేజీ కోర్సే లేదా అని అడగొచ్చు. ఉంది. ఇంటర్మీడియట్ బోర్డు వొకేషనల్ కోర్సుల్లో 'ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్' అని రెండేళ్ల కోర్సు ఉంది. పదో తరగతి తర్వాత జూనియర్ కాలేజీలో చదవొచ్చు. బిడ్డ ఎదుగుదల, ఆటపాటల ద్వారా బోధన, పోషణ, ఆరోగ్యం లాంటి విషయాలు ఉంటాయి. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చే కోర్సు ఇదొక్కటే అనిపిస్తుంది. ప్రభుత్వ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ కాబట్టి గోడ మీది పోస్టరు కంటే వెయ్యి రెట్లు నయం.

కానీ ఆ కోర్సు చదివిన అమ్మాయి డీఎడ్‌కు పోదామనుకుంటే ఏమవుతుందో చూడండి. డీఈఈసెట్ ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: వొకేషనల్ ఇంటర్ చదివినవారు అర్హులు కారు. ఎంపీసీ చదివి చిన్నపిల్లల గురించి ఒక్క పేజీ కూడా చదవని అబ్బాయి అర్హుడు. రెండేళ్లు పసిపిల్లలకు బోధించడమే చదివిన అమ్మాయి అనర్హురాలు. తెలంగాణ ప్రకటనలో ఈ షరతుతో పాటు ఒక వెసులుబాటు ఉంది. వొకేషనల్ వాళ్లను డీఎడ్‌కు రానివ్వకపోయినా ప్రీ స్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమాకు రానిస్తారు. అదీ మెట్టు మార్చడమే, పైకి ఎక్కించడం కాదు. వొకేషనల్ విద్యార్థులు బ్రిడ్జి కోర్సు రాసి రెగ్యులర్ ఇంటర్‌తో సమానత తెచ్చుకునే పద్ధతి డిగ్రీకి, వృత్తి విద్యకు పనికొస్తుంది. ఇక్కడ పనికొస్తుందా లేదా అన్నది ఆ ఏటి ప్రకటన చదివి, కన్వీనర్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నోటిమాట నమ్మొద్దు.

వొకేషనల్‌లో చేరేది ఎవరు? త్వరగా చేతికి పని రావాలని అనుకునే ఇళ్ల పిల్లలే. అంటే ఆ చిన్న అక్షరాల షరతు ఎవరి పేరూ చెప్పకుండానే ఎవరిని ఆపాలో వాళ్లను ఆపుతోంది.

డీఎడ్ అంటే ఇప్పుడు డీఎల్‌ఎడ్, దాని విలువ ఈ మధ్య పెరిగింది. ప్రాథమిక టీచరు పోస్టుకు బీఎడ్ అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దేవేశ్ శర్మ కేసులో తేల్చింది. 2024 ఫిబ్రవరి డీఎస్సీలో మన ప్రభుత్వం మళ్లీ బీఎడ్ వాళ్లను ఎస్జీటీకి అనుమతిస్తే హైకోర్టు ఆపింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేస్తే ఉమ్మడి జిల్లాలన్నింటిలోకి ఎక్కువ ఖాళీలు, 2,600 పైచిలుకు, కర్నూలువే. కాబట్టి ఈ ప్రాంతంలో చిన్నపిల్లల టీచరు కావాలంటే డైట్ సీటే అసలు సీటు. కర్నూలు జిల్లా డైట్ బి.తాండ్రపాడులో, ఉమ్మడి కడప జిల్లా డైట్ రాయచోటిలో ఉన్నాయి. మంత్రాలయం అవతలి ఊరి అమ్మాయికి బి.తాండ్రపాడు, బద్వేలు అవతలి అమ్మాయికి రాయచోటి ఎంత దూరమో, హాస్టలు లేకపోతే ఏమవుతుందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. ప్రైవేటు కాలేజీ గురించి మాలో ఒకరి అనుభవం ఇక్కడ చెప్పాలి. హాజరు అక్కర్లేదు, ఫీజు కడితే చాలు, రికార్డులు మేమే రాయిస్తాం అన్నారు. రెండేళ్లలో ఒక్క పిల్లాడి ముందు కూడా నిలబడకుండా టీచర్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇరవై ఏళ్లు పిల్లల మధ్యే బతికిన ఆయమ్మకు శిక్షణ లేదట, మాకు ఉందట.

చవక పంతుళ్ల పాత కథ

ఈ గడ్డ మీద దళితులకు టీచర్ శిక్షణ మొదలైన తీరులోనే ఈ చిక్కు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా ఎస్పీజీ మిషన్, జమ్మలమడుగు కేంద్రంగా లండన్ మిషన్ పనిచేశాయి. వాళ్ల సంఘాల్లో ఎక్కువమంది మాలలు. వాడలో ఒక పాక వేసి, అందులో బడి, ప్రార్థన రెండూ నడిపే మనిషి కావాల్సి వచ్చింది. 1880ల్లో నంద్యాలలో అలాంటి ఉపదేశులకు, పంతుళ్లకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. ఊరి బడి వరండా కూడా తొక్కనివ్వని కాలంలో అంటరాని ఇంటి పిల్లాడు పలక పట్టుకుని ఇంకొకరికి నేర్పే మనిషి కావడం చిన్న సంగతి కాదు. ఆ శిక్షణ పొందిన కుటుంబాల నుంచే ఈ ప్రాంతపు తొలితరం దళిత టీచర్లు, నర్సులు వచ్చారు. కానీ అతన్ని దొరల కింద, తక్కువ జీతానికి, సహాయకుడిగానే ఉంచారు. చదువు వాడలోకి వచ్చింది, అధికారం బంగళాలోనే ఉండిపోయింది.

తర్వాత వచ్చిన సొంత ప్రభుత్వాలు ఈ పద్ధతిని వదల్లేదు. 1980, 90 దశకాల్లో నెలకు 398 రూపాయల స్థిర మొత్తానికి స్పెషల్ టీచర్లను పెట్టారు. ఆ కాలపు సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం జరిగిన పోరాటం ఎంత పాతదంటే '398 టీచర్లు' అన్న మాట యూనియన్ల నోట పేరుగా స్థిరపడిపోయింది. తర్వాత అప్రెంటిస్‌లు, తర్వాత విద్యా వాలంటీర్లు. 1998 డీఎస్సీలో అర్హులై ఉద్యోగం రానివాళ్లకు 2023లో, అదీ కాంట్రాక్టు మీద, మినిమం టైమ్ స్కేలు ఇచ్చారు. అప్పటికి కొందరు పదవీ విరమణ వయసు దగ్గరికొచ్చారు.

ఈ చవక పద్ధతికి శాస్త్రీయ సమర్థన కూడా మన రాష్ట్రం నుంచే వెళ్లింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందున్నారు. ఆ కాంట్రాక్టు టీచర్ల జీతం రెగ్యులర్ టీచర్ల జీతంలో ఐదో వంతు. గైర్హాజరు రెగ్యులర్ టీచర్లలో 27 శాతం ఉంటే వీళ్లలో 18 శాతం. విధానాలు రాసేవాళ్లు దీన్ని చదివి, చవకగా కూడా పని నడుస్తుంది కదా అన్నారు. మేము ఇంకోలా చదువుతాం. ఊళ్లోనే ఉండే, పిల్లల ఇళ్లు తెలిసిన, పెద్ద సర్టిఫికెట్ లేని మనిషి చేసే పనిలో విలువ ఉందని ఆ లెక్కలు రుజువు చేశాయి. విలువ రుజువయ్యాక కూడా ఐదో వంతే ఎందుకివ్వాలి? ఆ మనిషికి చదువుకునే దారి ఎందుకు వేయకూడదు? ఈ ప్రశ్నలు ఆ చర్చలో ఎవరూ గట్టిగా అడగలేదు.

అడిగిన చోటు ఒకటుంది. 1960ల చివర న్యూయార్క్ బడుల్లో టీచర్లకు సాయంగా వేల మంది నల్లజాతి, పోర్టోరికన్ తల్లులను గంట లెక్కన కూలికి పెట్టుకున్నారు. వెల్మా హిల్ అనే నల్లజాతి కార్యకర్త వాళ్లను టీచర్ల యూనియన్‌లోకి సమీకరించింది. 1970లో కుదిరిన ఒప్పందంలో వేతనం రెట్టింపు దాటింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి: పని చేస్తూనే నగర విశ్వవిద్యాలయంలో చదివి టీచరయ్యే దారి ఆ ఒప్పందంలోనే రాశారు. అలా చదివి టీచర్లయినవాళ్లు తర్వాతి ఏళ్లలో ఆ నగరపు బడుల్లో నల్లజాతి టీచర్ల సంఖ్య పెరగడానికి ఒక కారణం. అక్కడ తొలి అడుగు యూనియన్ వేసింది, సహాయకులూ టీచర్లూ ఒకే సంఘంలో నిలబడ్డారు. మన టీచర్ సంఘాల్లో ఆయమ్మకు సభ్యత్వం ఉందా అని ఒకసారి ఆలోచించండి.

మన దగ్గర ఆ పోరాటం అంగన్‌వాడీలది. 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 వరకు 42 రోజులు రాష్ట్రమంతా సమ్మె చేశారు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. వీళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు అంది. వీళ్లకిచ్చేది వేతనమేనని, వర్కర్లకూ హెల్పర్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే కోర్టు అంది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు, పని ఆపితే అత్యవసర సిబ్బంది.

శిక్షణ సంగతికొస్తే, జాతీయ విద్యా విధానం 2020 అంగన్‌వాడీ వర్కర్లకు ఇంటర్ ఉంటే ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదువుంటే ఏడాది డిప్లొమా ఇవ్వాలంది, అదీ ఎక్కువగా ఫోన్ల ద్వారా, టీవీ చానళ్ల ద్వారా. ఆ పేరాలో హెల్పర్ ప్రస్తావన లేదు. 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' కింద వర్కర్లకు ఇచ్చేది మూడు రోజుల శిక్షణ. 2022 నాటి సక్షం అంగన్‌వాడీ మార్గదర్శకాల్లో మాత్రం ఒక తలుపు తెరిచి ఉంది: ఐదేళ్ల అనుభవం, తగిన చదువు ఉన్న హెల్పర్లకు వర్కర్ పోస్టుల్లో సగం పదోన్నతి ద్వారా ఇవ్వాలి. వర్కర్‌కు కావాల్సిన చదువు ఇంటర్. పదితో ఆగిపోయిన ఆయమ్మ ఓపెన్ స్కూల్లో ఇంటర్ కడితే ఈ తలుపు ఆమెకు పనికొస్తుంది. ఈ మాట ఆయమ్మలకు చేర్చిన సూపర్‌వైజర్లను మేము పెద్దగా చూడలేదు. కార్యకర్తలు చేయగల పని ఇది.

ఇంత చెప్పి, ఆయమ్మకు కాలేజీలో నేర్పేదేముంటుంది అనేవాళ్లకు పశ్చిమ కర్నూలు చూపించాలి. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, ఆడవాళ్లలో సగానికి లోపే. కడపలో మొత్తం 67 శాతం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పంటలు పోతే ఊళ్లు సుగ్గికి కదులుతాయి. మిరప కోతలకు గుంటూరు, పత్తి తీయడానికి తెలంగాణ, కర్ణాటక. పిల్లలు వెంట పోతారు, లేదా సీజనల్ హాస్టల్లో ఉంటారు. మూడు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లకు గుణింతం గుర్తుండదు, బడికి రావాలంటే సిగ్గు. హొళగుంద వైపు ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు. అలాంటి పిల్లను ఇంటికి పోయి పిలిచి, ఆమె మాటలోనే మాట కలిపి, నెల రోజుల్లో తరగతితో కలిపే పని ఒక విద్య. దాన్ని ఇప్పుడు ఆయమ్మ తన తెలివితో చేస్తోంది. దానికి పద్ధతి నేర్పొచ్చు, పరీక్ష పెట్టొచ్చు, క్రెడిట్లు ఇవ్వొచ్చు. డైట్‌లో శనివారాలు, సెలవులు వాడుకుని ఐదేళ్ల అనుభవమున్న ఆయమ్మలకు, భవిత ఆయాలకు సీట్లు కేటాయిస్తే చాలు. ఎస్సీ వర్గీకరణ 2025 నుంచి అమల్లో ఉంది కాబట్టి ఆ సీట్లలో మాదిగ, రెల్లి ఆడవాళ్లకు ఎన్ని చేరుతున్నాయో కూడా లెక్క అడగొచ్చు. మరుగుదొడ్లు కడిగే పనిని మాత్రం బడి సహాయకుల పని నుంచి పూర్తిగా విడదీసి, యంత్రాలతో, సరైన జీతంతో వేరే సిబ్బందికి ఇవ్వాలి. పిల్లలకు అన్నం పెట్టే చేతికే ఆ చీపురు ఎందుకిస్తున్నారో చెప్పడానికి కులం తప్ప ఇంకో కారణం మాకు దొరకలేదు.

విద్యార్థి సంఘాలు ఇప్పుడే మొదలుపెట్టగల పనులు రెండు ఉన్నాయి. వొకేషనల్ షరతు ఎందుకు పెట్టారు, ఏ జీవో ప్రకారం, ప్రీ స్కూల్ కోర్సు వాళ్లకైనా మినహాయింపు ఎందుకు లేదు అని సమాచార హక్కు కింద పాఠశాల విద్యా కమిషనర్‌ను అడగడం ఒకటి. ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ మన రెండు పాత జిల్లాల్లో ఏ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఉంది, ఎందరు ఎస్సీ పిల్లలు చదువుతున్నారు, లెక్చరర్ ఉన్నారా అని ఇంటర్ బోర్డును అడగడం రెండోది.

ఇక పోస్టరు నంబరు రాసుకొచ్చిన చెల్లెళ్లకు. ఫోన్ చేస్తే ముందు మూడు మాటలు అడగండి. సర్టిఫికెట్ మీద ఏ బోర్డు లేదా ఏ విశ్వవిద్యాలయం ముద్ర ఉంటుంది? ఎన్‌సీటీఈ గానీ, ప్రత్యేక విద్య అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గానీ ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపిస్తారా? ఎన్ని రోజులు ఏ బడిలో పిల్లల దగ్గర పని చేయిస్తారు? మూడింటికీ కాగితం చూపించేదాకా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు కట్టొద్దు, పదో తరగతి ఒరిజినల్ మెమో వాళ్ల చేతికి ఇవ్వొద్దు.